ఏడో గడి

బరంపురం నుంచి జీపు వచ్చింది.
దిగినాయన పేరు నిరాకార సాబత్.
చేతిలో అట్ట, అట్టకి కాగితం,
కాగితం మీద ఏడు గడులు.
ఆయనకి తెలుగు రాదు.
మా పేటలో ఒడియా బడి దాటింది నేనొక్కతెనే,
అంచేత మాటలు వాళ్ళవి, నోరు నాది.

బాహుదా సముద్రంలో కలిసే చోటుకి ఇవతల
మూడు మైళ్ళ ఇసక.
గాలి రోజూ ఒక గుట్టని ఎత్తుకెళ్ళి
ఇంకోచోట దింపుతుంది.
సర్కారు నాటిన సరుగుళ్ళు మొన్న తుపానుకి
దువ్వెన పళ్ళలా విరిగాయి.
విరగనివి ఇవే.
మొలలోతు కూరుకుపోయి, మళ్ళీ పైకి తేలి,
వంకర నడుముతో,
ఆకులకన్నా ముళ్ళెక్కువగా.

మొదటి గడి, పేరు.
"గొడ్డుతీపి" అన్నాడు సూరాడ దానయ్య
వల మీంచి తలెత్తకుండా.
పూత వస్తుంది, గాలికి పోతుంది, కాయ నిలవదు.
వేరు పిలకలతోనే దాని వంశం.
పిలక లేచిన చోట మూరెడు తవ్వితే చాలు,
కెరటం చప్పుడు వినపడేంత దగ్గర్లో
మంచినీళ్ళు.
అందుకా పేరు. తాతలనాటిది.

గొడ్డుకి ఒడియా మాట నాకు తెలుసు.
నాలిక చివరికొచ్చింది కూడా.
పక్కనే ఒలిశమ్మ పిన్ని,
నెత్తిన ఖాళీ చేపల గంప.
పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు.
ఆ మాట ఏ భాషలో అన్నా
ఆమెకి అర్థమవుతుంది.

"మిఠా గొచ్చొ" అన్నాను.
తీపి చెట్టు.
సాబత్ గారు రాసుకున్నారు.
దానయ్య ఒకసారి నావేపు చూసి
మళ్ళీ వలలోకి వంగాడు.

ఎత్తు, చుట్టుకొలత, అవీ ఇవీ అయ్యాయి.
వయసు దగ్గర మాత్రం ఆగాం.
"మాయమ్మ నన్ను కన్ననాటికే అది ముసిల్ది"
అంది మైలపల్లి పోలేరమ్మ.
ఆవిడ వయసూ ఎవరికీ తెలీదు.

ఏడో గడి, ఉపయోగం.
బొటనవేలంత జాగా.
అప్పుడు మొదలెట్టింది పేటంతా.
బెరడు ఉడకేసి నూలు వలలకి పట్టించేవారట,
నైలానుకి అక్కర్లేదు,
అయినా ఎర్రయ్య కొత్త వల కొంటే ఒక మూల ముంచుతాడు,
ఎందుకంటే చెప్పడు.
బంక నావ సందుల్లోకి.
ఆడపిల్లల చెవులు కుట్టేది దీని ముల్లుతోనే,
ఇదిగో నావీ.
ఎండు చేపల మీద ఈగ వాలకుండా పచ్చాకు పొగ,
ఆ పొగకి ఈగలకన్నా ముందు మేమే లేచిపోతాం.
"తాగొచ్చిన మొగుడికి ఒక రెమ్మ సాలు,
అదీ రాయమను!"
నవ్వులు.
సాబత్ గారు కూడా నవ్వారు, అర్థం కాకుండానే.

నవ్వు తగ్గాక పోలేరమ్మ మెల్లగా చెప్పింది.
సముద్రం మనిషిని తిరిగివ్వకపోతే
పదకొండో రోజున అతని చొక్కా తెచ్చి
కొమ్మకి తొడుగుతాం.
గాలికి చేతులాడుతుంటాయి.
అది చిరిగి పీలికలైపోయేదాకా
ఆ ఇంట్లో కంచం పెడతాం.
ఆవిడ కొడుకుది నీలం గళ్ళ చొక్కా.
చూపుడువేలు పెట్టి కొమ్మ చూపించింది.

"ఏమంటోంది?" అన్నారు సాబత్ గారు.
"నీడకి" అన్నాను.

ఆయన ఏడో గడిలో ఒకే మాట రాశారు.
జాళెణి. వంటచెరకు.
ఇంకోడు ఎర్ర రంగుతో మాను మీద
నలభై ఒకటి వేశాడు.
అంకె వేసింది ఉంచడానికో కొట్టడానికో
జీపు డ్రైవరుకీ తెలీదట.

మర్నాడు చీకట్లోనే
ఒలిశమ్మ పిన్ని చెలమ తోడుతోంది.
"ఏటన్నావే నిన్న, ఆ బాబుతోటి?"
చెప్పాను.
తపేలా సగం నిండేదాకా ఏమీ అనలేదు.
"మిఠా" అంది.
మళ్ళీ ఒకసారి, పంటికింద కొరికి చూసినట్టు,
"మిఠా."
చెంబుడు నీళ్ళు తీసి
ఆ నలభై ఒకటి మొదట్లో పోసింది,
దానికి అక్కర్లేకపోయినా.